మా అమ్మ, భవానీపురం ఆయమ్మ

(భవానీపురంలో జరిగిన సంస్మరణ సభలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా అక్కడక్కడ సరిదిద్దాం.)

 

నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళందరూ "ఆయమ్మ చాలా మంచిది, ఆయమ్మ చేతి నీళ్ళు తాగి పెరిగాం" అన్నారు. సంతోషం. కానీ మంచిది అని చెప్పి, ఫొటోకి దండేసి, భోజనం చేసి వెళ్ళిపోతే మా అమ్మ గురించి సగం కూడా చెప్పినట్టు కాదు. ఆమె చేసిన పని ఏంటో ఇక్కడున్న మన కుర్రాళ్ళకి, ఆడపిల్లలకి తెలియాలని నా కోరిక. మీలో కొంతమంది నేరస్థ జాతుల చట్టం అన్న మాటని ఫోన్లో చదివి ఉంటారు. మా అమ్మ ఆ చట్టం కింద పుట్టింది.

పున్నమి ఘాట్ దగ్గర నిలబడి చూస్తే నదికి ఆవలి ఒడ్డున కొండ కనపడుద్ది. ఆ వైపు సీతానగరం. స్టువార్టుపురం పేరు మీ అందరికీ తెలుసు, సినిమా వాళ్ళ పుణ్యమా అని దేశమంతా తెలిసింది. సీతానగరంలో కూడా అట్లాంటి సెటిల్మెంటే ఉండేదని ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకి కూడా చాలామందికి తెలియదు. రెండింటినీ సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు నడిపారు. మా తాత వాళ్ళని ఆ ఒడ్డునే లెక్కలో రాశారు. మన ఎరుకల వాళ్ళు అంతకుముందు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వాళ్ళు. ఉప్పు ఎరుకల అన్న పేరు ఊరికే రాలేదు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం పోయింది. తిరిగే వాళ్ళు తిరుగుతూనే ఉన్నారు, చేతిలో సరుకు మాత్రం లేదు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సంగతంతా వివరంగా రాశారు, దొరికితే చదవండి. 1871లో ఉత్తరాదిన మొదలైన చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఆ తర్వాత మనం పుట్టుకతోనే దొంగలం అయిపోయాం.

ఆ చట్టం ఎట్లా పని చేసేదో రెండు ముక్కల్లో చెబుతా. పేరు నమోదు చేస్తారు. వేలిముద్రలు తీసుకుంటారు. రాత్రిపూట హాజరు పిలుస్తారు, లేచి వచ్చి పలకాలి. సెటిల్మెంటు దాటి వెళ్ళాలంటే పాసు కావాలి. ఇవన్నీ పెద్దవాళ్ళకి. పిల్లల కోసం ఇంకొకటి ఉంది, దాన్ని మన సభల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నించి వేరు చేసి, పారిశ్రామిక బడి అనో సంస్కరణ బడి అనో పేరు పెట్టి అందులో ఉంచే అధికారం ఆ చట్టం సర్కారుకి ఇచ్చింది. 1924 నాటి చట్టంలో పిల్లలంటే ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు.

బడి అనే మాట మా ఇంట్లోకి మొదట వచ్చింది ఆ దారిలో. మా అమ్మమ్మ చెల్లెల్ని, వాళ్ళు ఇంకో తావున ఉన్నప్పుడు, అట్లా బడికని తీసుకెళ్ళారంట. మళ్ళీ ఇంటికి రాలేదు. మా అమ్మమ్మ చనిపోయేదాకా "బడికి పోయింది" అంటే మా ఇంట్లో అర్థం వేరు. మనుషులు పోయినప్పుడు వాడే మాట అది. ఆస్ట్రేలియాలో, కెనడాలో కూడా అక్కడి ఆదివాసుల పిల్లల్ని ఇట్లాగే లాక్కెళ్ళి బడుల్లో, హాస్టళ్ళలో పెట్టారు. 2008లో ఆ రెండు దేశాల ప్రధానమంత్రులూ పార్లమెంటులో నిలబడి క్షమాపణ అడిగారు. మన దగ్గర అట్లాంటి మాట ఎవరి నోటా నేను వినలేదు. సరే, అది వేరే సభకి.

మా అమ్మ ఎప్పుడు పుట్టిందంటే, "ఆనకట్ట తెగిన ఏడు తమ్ముణ్ణి చంకనేసుకుని గట్టు మీద నిలబడి చూశా" అనేది. బెజవాడ ఆనకట్ట తెగింది 1952లో. తమ్ముణ్ణి మోసే పిల్ల అంటే పన్నెండేళ్ళు అనుకోండి. దేశమంతటా నేరస్థ జాతుల చట్టం రద్దయింది కూడా ఆ ఏడే, ఆగస్టు 31న. మద్రాసు రాష్ట్రంలో అయితే ఇంకొంచెం ముందే, 1947లో రద్దు చేశారు. అయితే ఆ మరుసటి ఏడే అలవాటైన నేరస్థుల చట్టం అని ఇంకొకటి తెచ్చారు. కాబట్టి ఏ రోజు విడుదలయ్యామో మా తాతకి తెలియలేదు. ఆయన చాలా ఏళ్ళు రాత్రి రెండో ఆటకి జనం వదిలే వేళకి లేచి గుమ్మంలో కూర్చునేవాడంట. పిలుపు వస్తుందేమో అని.

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దాని మీద నడిచే మా అమ్మ ఈ ఒడ్డుకి కాపురానికి వచ్చింది. భవానీపురం అప్పుడు ఇట్లా లేదు. హైదరాబాద్ రోడ్డు పక్కన తోటలు, కరకట్ట వారన గుడిసెలు. మా నాన్న పందులు మేపేవాడు, అమ్మ బుట్టలు అల్లేది. ఈతపుల్లతో అల్లే వాళ్ళం మేము. కోళ్ళ గంపలు, తట్టలు, చేటలు వన్‌టౌన్ దాకా నెత్తిన పెట్టుకుని వెళ్ళి అమ్మేది. సోది చెప్పడం ఆమెకి వచ్చు గానీ చెప్పేది కాదు. "నా రేపటి సంగతే నాకు తెలియదు, వాళ్ళది నేనేం చెబుతా" అనేది. ప్లాస్టిక్ బుట్టలు వచ్చాక అల్లిక పని పడిపోయింది. మా నాన్న మమ్మల్ని వదిలిపోయింది కూడా ఆ రోజుల్లోనే. అయిదుగురు పిల్లలం. నేను మూడో దాన్ని.

1984 జూన్‌లో బడిలో ఆయాగా చేరింది. ఏ బడో చెప్పను, ఇప్పటికీ నడుస్తుంది, మీలో చాలామంది చదివిందే. ఊడవడానికి, నీళ్ళు పట్టడానికి, గంట కొట్టడానికి మనిషి కావాలన్నారు. జీతం రెండంకెలు దాటలేదు. హెడ్మాస్టరు గారు పుట్టిన తేదీ అడిగితే ఆనకట్ట సంగతి చెప్పింది. ఆయన నవ్వి, జూలై 1, 1944 అని రాశారు. జూలై ఒకటిన పుట్టిన వాళ్ళు మన జాతిలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే ఇక్కడే సగం చేతులు లేస్తాయి.

మొదటి నెల జీతం రోజు రిజిస్టరులో వేలిముద్ర వేయమన్నారు. వేయనంది. "మా నాయన చేత పదేళ్ళూ ముద్రలు వేయించుకున్నారు సార్, నేను వేయను" అంది. పది వేళ్ళు అనబోయి పదేళ్ళు అందో, నిజంగానే పదేళ్ళు అందో హెడ్మాస్టరు గారికి అర్థం కాలేదంట. ఆ నెల జీతం ఆయన తన దగ్గరే ఉంచారు. మూడో తరగతి పిల్లల పక్కన కూర్చుని తన పేరు రాయడం పన్నెండు రోజుల్లో నేర్చుకుంది. పదమూడో రోజు సంతకం పెట్టి డబ్బు తీసుకుంది. ఆ తర్వాత కూడా ఆమెకి చదవడం రాలేదు. పేరు రాయడం మాత్రం గట్టిగా వచ్చు. బొమ్మ గీసినట్టు రాసేది, ఆఖరి అక్షరం కింద ఒక గీత గీసేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఊడ్చింది, నీళ్ళు పట్టింది, దొడ్డికి పోయిన పిల్లల్ని కడిగింది, జడలు వేసింది. ఇవన్నీ మీరు చూసినవే. మీరు చూడనిది పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా జరిగేది. బడి తొమ్మిదికి. ఆమె ఏడింటికే ఇంట్లోంచి బయల్దేరి కరకట్ట వెంట గుడిసె గుడిసెకీ వెళ్ళేది. ఎరుకల వాళ్ళవి, యానాదులవి, చిత్తుకాగితాలు ఏరే వాళ్ళవి, చేపలు పట్టే వాళ్ళవి. "పిల్లల్ని లేపండి" అనేది. ఇది ఎవరూ ఆమెకి చెప్పిన పని కాదు. మొదట్లో మన వాళ్ళే తిట్టారు. బడి అంటే మా అమ్మమ్మకి ఏ అర్థమో వాళ్ళ ఇళ్ళల్లోనూ అదే అర్థం. అధికారులు వచ్చి పిల్లల్ని పంపమంటే ఆ పూటకి పంపి, మర్నాడు ఏ పిడుగురాళ్ళో, ఏ నరసరావుపేటో బంధువుల ఇంటికి పంపేసేవాళ్ళు. మా అమ్మ వాళ్ళతో చదువు గొప్పదని చెప్పలేదు. ఉద్యోగం వస్తుందని కూడా చెప్పలేదు. ఆమె చెప్పింది ఒకటే. "సాయంత్రం నేనే వెనక్కి తీసుకొచ్చి నీ చేతిలో పెడతా. పెట్టకపోతే నా పిల్లని నీ దగ్గర ఉంచుకో."

ఆ మాటకి పూచీగా మొదటి వారం రోజులు నన్ను నిజంగానే ఒక యానాది అవ్వ గుడిసెలో కూర్చోబెట్టింది! ఆ అవ్వ నాకు చేప పులుసు అన్నం పెట్టేది, నాకైతే ఆ వారం బాగానే గడిచింది. వారం తర్వాత ఆ అవ్వ మనవడు తనంతట తనే పలక పట్టుకుని వచ్చాడు. వాడితో పాటు ఇంకో నలుగురు.

కుర్రాళ్ళకి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. ఆలోచించండి. మూడు తరాల కిందట పిల్లల్ని లాక్కుపోయిన పేరు బడి. అదే బడి గేటు దగ్గర మన భాష తెలిసిన ఆడమనిషి ఒకామె నిలబడింది. పిల్ల ఏడిస్తే కుర్రు భాషలో ఊరుకోబెట్టింది. సాయంత్రం చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చింది. బడి గురించి మన వాళ్ళ భయం పోయింది పంతుళ్ళ వల్ల కాదు, పథకాల వల్ల కాదు. పంతుళ్ళలో మంచివాళ్ళు ఉన్నారు, కాదనను. మధ్యాహ్న భోజనం కూడా చాలా చేసింది. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆర్డరు ఇస్తే మన రాష్ట్రంలో 2003 జనవరిలో అన్నం మొదలైంది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు మా అమ్మ కొంగులో మరమరాలు మూటగట్టుకుని వెళ్ళేది. పదకొండు గంటలకి కళ్ళు తిరిగే పిల్లలు ఎవరో ఆమెకి తెలుసు. అన్నం మొదలైన రోజు ఇంటికొచ్చి "ఇక నా కొంగు ఖాళీ" అని నవ్వింది.

పోలీసుల సంగతి కూడా చెప్పాలి. 1989లో అనుకుంటా, రోడ్డు మీద ఒక కొట్లో సామాను పోయింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు బడికి వచ్చారు. ఏడో తరగతి ఎరుకల కుర్రాడు ఒకడు కావాలన్నారు. దొంగతనం జరిగింది పట్టపగలు, పదకొండున్నరకి. మా అమ్మ గేటు తీయలేదు. లోపలికి వెళ్ళి హెడ్మాస్టరు గారి బల్ల మీద నుంచి హాజరు పట్టీ పట్టుకొచ్చింది. ఆమెకి చదవడం రాదు గదా. ఆ పిల్లాడి పేరు ఏ వరసలో ఉంటుందో మాత్రం తెలుసు, రోజూ ఆ పట్టీలు తరగతి నుంచి తరగతికి మోసేది ఆమే కాబట్టి. వేలు పెట్టి చూపించి, "పొద్దున హాజరు, మధ్యాహ్నం హాజరు, రెండూ ఉన్నాయి, చూసుకోండి" అంది. హెడ్మాస్టరు గారు కూడా బయటికి వచ్చి అవును, పిల్లాడు తరగతిలోనే ఉన్నాడని చెప్పారు. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నం తింటూ మా అమ్మ మాతో అన్న మాట నాకు బాగా గుర్తు. "మా నాయనని కట్టేసింది హాజరే. ఇయ్యాల పిల్లాణ్ణి కాపాడింది హాజరే. పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి" అంది. అప్పటి నుంచి ఒక్క పూట హాజరు తప్పినా ఊరుకునేది కాదు. జొరం వచ్చిందంటే నుదురు పట్టుకుని చూసి గానీ నమ్మేది కాదు.

ఇదంతా పాతకాలం అనుకోకండి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళ గురించి తీర్పు ఇచ్చింది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసు అది. జైళ్ళలో కులాన్ని బట్టి పని ఇవ్వడం, విముక్త జాతుల వాళ్ళని పుట్టుకతోనే నేరం చేసే వాళ్ళుగా చూసే నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధం అని అప్పుడు కొట్టేశారు. చట్టం రద్దయిన డెబ్భై రెండేళ్ళకి! వార్త చదివి వినిపిస్తే మా అమ్మ, "ఇంకా రాసి ఉంచారా అవన్నీ" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇప్పుడు జీతం విషయం. ఇది చెప్పకపోతే మంచి ఆయమ్మ కథలాగే మిగిలిపోద్ది.

మా అమ్మ పొద్దున ఏడుకి వెళ్ళి సాయంత్రం ఆరుకి వచ్చేది. కాగితాల్లో ఆమె పార్ట్ టైమ్. 1994 ఏప్రిల్ 22న జీవో 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు పూర్తయిన రోజుకూలీ, ఎన్‌ఎంఆర్ వాళ్ళని ఖాళీలు ఉంటే పర్మినెంటు చేయొచ్చని. మా అమ్మకి తొమ్మిదేళ్ళు దాటాయి. కానీ పార్ట్ టైమ్ అని రాసి ఉంది కాబట్టి వర్తించదన్నారు. ఆ తర్వాత పార్ట్ టైమ్ వాళ్ళ కోసం 1997 జూలై 23న జీవో 112 ఇచ్చారు. దానికి అదే తేదీ నాటికి పదేళ్ళు ఉండాలి. 1984 జూన్ నుంచి 1993 నవంబరుకి లెక్కేసుకోండి. ఏడు నెలలు తక్కువ. రోజుకి పదకొండు గంటలు పని చేసిన మనిషి ఒక జీవోకి పార్ట్ టైమ్ అయింది, ఇంకో జీవోకి ఏడు నెలల చిన్నది అయింది. ఒక ఆఫీసు చుట్టూ నాలుగేళ్ళు తిరిగింది. ఫైలు పైకి పంపామన్నారు, ఎంత పైకి వెళ్ళిందో గానీ కిందికి రాలేదు.

2004 జూన్ ఆఖరున, కాగితం మీద అరవై నిండాయని ఆపేశారు. నిజానికి అప్పటికే అరవై నాలుగు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, శాలువా కప్పారు. మర్నాడు పొద్దున ఏడింటికి మళ్ళీ కరకట్ట మీద ఉంది. జీతం ఆగింది గానీ గుడిసెలు ఎక్కడికీ పోలేదు గదా అంది. ఇంకో ఆరేడేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయేదాకా అట్లాగే తిరిగింది.

ఈ మధ్య నాడు-నేడు వచ్చాక బడుల్లో మరుగుదొడ్లు కడగడానికి ఆయాల్ని పెట్టారు, నెలకి ఆరు వేలు. అన్నం వండే అక్కలకి మూడు వేలు. పేరు గౌరవ వేతనం. ఆ అక్కల్లో చాలామంది మన వాళ్ళు, మాల మాదిగ వాళ్ళు. నా అభిప్రాయం ఒకటి చెబుతా, ఎవరైనా ఒప్పుకోకపోతే తర్వాత మాట్లాడుకుందాం. మన ఆదివాసీ సంఘాలు భూమి మీద, అడవి మీద, 1/70 మీద బలంగా పోరాడుతున్నాయి. పోరాడాలి. మైదానంలో ఉండే ఎరుకల, యానాది వాళ్ళకి ఏజెన్సీ లేదు, అడవి లేదు. ఇక్కడ మన ఆడవాళ్ళు ఉన్న చోటు ఈ బడి వాకిలి, ఆసుపత్రి వరండా, ఇళ్ళల్లో అంట్లు తోమే గట్టు. ఆ పనికి సరైన పేరు, సరైన జీతం అడగడం కూడా ఆదివాసీ డిమాండే. మన కరపత్రాల్లో అది ఆఖరి లైనులో వస్తుంది, చాలాసార్లు అసలు రాదు.

ఆఖరి రోజుల్లో ఆమె చేతికి వచ్చింది వృద్ధాప్య పింఛను. 2024 జూలై ఒకటిన పెంచిన నాలుగు వేలు, పాత మూడు నెలల వెయ్యి చొప్పున కలిపి ఏడు వేలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. కాగితం ప్రకారం ఆ రోజు ఆమె పుట్టినరోజు. మిషను మీద వేలు పెట్టమంటే, సంతకం పెడతానంది. ఆ అమ్మాయి ఓపిగ్గా, "మామ్మా, ఇందులో సంతకం కుదరదు" అని చెప్పింది. వేలు పెట్టింది. చీపురు పట్టి, ఈతపుల్ల చీల్చి అరిగిపోయిన వేళ్ళు, గీతలు పడలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి చివరికి కంటితో తీసుకున్నారు. "మా నాయన ముద్రలు ఎట్లా పడ్డాయో ఏమో, నావి పడటం లేదు" అని ఆ అమ్మాయితో నవ్వింది.

రెండు నెలలకి, సెప్టెంబరు మొదట్లో, వరద. బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటిన రోజు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క బుడమేరు. మా వీధిలోకి నీళ్ళు వస్తుంటే మేము బియ్యం, టీవీ అటక మీదికి ఎక్కిస్తున్నాం. మా అమ్మ మంచం మీద నుంచి "పెట్టె, ముందు పెట్టె" అని అరిచింది. ఆమె ట్రంకు పెట్టె. అందులో నగలు లేవని మాకు తెలుసు. ఇద్దరం మోసి పైన పెట్టాం. తడవలేదు.

మొన్న పెద్దకర్మ అయ్యాక ఆ పెట్టె తెరిచాం. పిల్లల కాగితాలు. ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చిన ఎస్టీ సర్టిఫికెట్ల జిరాక్సులు, కొన్ని అసలువి. టీసీలు. పుట్టిన తేదీ పత్రాలు. కరకట్ట మీద గుడిసెలు ఏటా తడిసేవి, తగలబడేవి, తీసేసేవాళ్ళు. కాగితం ఇంట్లో ఉంటే పోద్దని తల్లులు తెచ్చి ఆయమ్మ దగ్గర దాచుకున్నారు. ఎవరిదేదో గుర్తు కోసం ప్రతి కాగితం మడతకి ఒక్కో రంగు దారం కట్టింది. ఆ దారాల లెక్క ఆమెతోనే పోయింది. మేము విప్పి పేర్లు చదివి రాసుకున్నాం. అరవై ఒక్క మందివి ఉన్నాయి. కొందరు పెద్దవాళ్ళయ్యారు, కొందరు ఊరు మారారు. వాళ్ళలో కొంతమంది ఈ సభలోనే ఉన్నారు, నాకు కనపడుతున్నారు.

మా చిన్న తమ్ముడు జాబితా పట్టుకుని అటు వేపచెట్టు కింద కూర్చున్నాడు. భోజనాలకి వెళ్ళేటప్పుడు మీ పేరు, మీ వాళ్ళ పేర్లు ఉన్నాయేమో చూసుకోండి. అసలు కాగితం ఉంటే ఇచ్చేస్తాడు, తీసుకుని సంతకం పెట్టండి. మిగిలిన వాళ్ళు ఎక్కడున్నారో మీకు తెలిస్తే వాడికి చెప్పండి.